మఱుగుపడిన భాగ్యనగరము

హైదరాబాదు నగరమును చూడవచ్చిన వారు మొట్టమొదట అడుగునది చార్మినారును గూర్చియే. 1591లో గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబ్‌షా తన క్రొత్త నగరమునకు నడిబొడ్డున నిలిపిన ఆ కట్టడము నేటికిని జనులను పిలుచుచునే యున్నది. దానిని చూచిన పిమ్మట యాత్రికులు గోలకొండకు పోవుదురు. కోట వాకిట నిలిచి చప్పట్లు చఱచి, ఆ ధ్వని కొండకొన నున్న వారికి వినబడినదని తెలిసికొని ఆనందింతురు. సాలార్‌జంగు ప్రదర్శనశాలలో గడియారములోని బొమ్మ గంట కొట్టు వేళకు దాని యెదుట గుమిగూడుదురు. సాయంకాలమునకు హుసేనుసాగరపు గట్టున గాలి పీల్చుకొని, మఱునాడు తమ యూరికి రైలెక్కుదురు. ఊరు చేరిన పిదప, "హైదరాబాదు అంతయు చూచి వచ్చితిమి" అని ఇరుగుపొరుగు వారితో చెప్పుదురు.

వారు చూచినవి చూడదగినవే. కాని నాలుగు వందల ఏండ్లు దాటిన నగరము నాలుగు కట్టడములలో ఇముడునా? రాజులు తమ వైభవమును చాటుటకు కట్టించిన వానిని జనులు వెదకుకొని పోయి చూతురు. ఆ నగరమున సామాన్యులు నడచిన త్రోవలను, త్రాగిన నీళ్లను, పడిన కష్టములను, చదువుకొన్న చదువులను తెలుపు చోటులు వేఱుగా నుండును. అవి పెద్దబాటలకు ప్రక్కగా, అంగళ్ల వెనుకను, ఆసుపత్రి ప్రాంగణములలోను, ఇండ్ల నడుమను ఒదిగియుండును. వానికి ప్రవేశపు చీటీల వరుసలు ఉండవు. జనుల చూపు పడనందున వానికి ఆదరణయు తక్కువ. అట్టి చోటులను కొన్నింటిని ఇచ్చట పరిచయము చేసికొందము.

మొదట మూసీనదిపై నున్న పురానాపూలును చూతము. 'పురానాపూల్' అనగా పాత వంతెన అని యర్థము. ఇబ్రహీము కుతుబ్‌షా దీనిని 1578లో కట్టించెను. ఈ తేదీని చార్మినారు తేదీతో పోల్చి చూడుడు. వంతెన పుట్టిన పదుమూడేండ్లకు గాని నగరము పుట్టలేదు. గోలకొండలో జనసమ్మర్దము పెరిగి, కోట చాలక, నది కావలి యొడ్డునకు పోవలసిన యవసరము కలిగెను. ముందు దారి ఏర్పడెను. ఆ దారి వెంట ఊరు పెరిగెను. కావున హైదరాబాదునకు వాకిలి యేది అని అడిగినచో ఈ వంతెనయే అని చెప్పవచ్చును.

సుమారు 600 అడుగుల పొడవున, ఇరువదికి పైగా కమానులతో ఈ వంతెన నిలిచియున్నది. పదునేడవ శతాబ్దమున మన దేశమున సంచరించిన తావెర్నియే అను ఫ్రెంచి వర్తకుడు దీనిని చూచి, తమ పారిసు నగరములోని ప్రసిద్ధమైన వంతెనతో పోల్చి మెచ్చుకొనెను. నేడు బరువైన బండ్ల రాకపోకలకు ప్రక్కన వేఱొక వంతెన కలదు. పాత వంతెనపై కూరగాయలు అమ్మువారు బారులు తీర్చి కూర్చుండుట పరిపాటి. తోటకూర కట్టలు బేరమాడు వారిలో ఎందఱకు తమ కాళ్లక్రింది రాళ్ల వయస్సు తెలియును?

ఈ వంతెన కట్టించిన ఇబ్రహీము తెలుగువారికి పరాయివాడు కాడు. ఆయన యౌవనమున ఏడేండ్లు విజయనగరమున తలదాచుకొని, అచ్చటనే తెలుగు మాధుర్యమును చవిచూచెను. సింహాసన మెక్కిన పిమ్మట తెలుగు కవులను ఆదరించెను. వారు ఆయన పేరును తమ నుడికారమునకు ఒదిగించుకొని 'మల్కిభరాముడు' అని పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన 'తపతీసంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చెను. ఆయన కొలువులోని అధికారి యగు అమీనుఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు అచ్చతెనుగు కావ్యమైన 'యయాతిచరిత్ర'ను అంకితమిచ్చెను. పురానాపూలు రాతికమానులను చూచునపుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనవలెను.

వంతెన దాటి దక్షిణపు టొడ్డున ప్రవేశించినచో పురానాపూలు దర్వాజా కనబడును. ఒకప్పుడు నగరము చుట్టును ప్రాకారమును, ఆ ప్రాకారమునకు పదికి మించిన దర్వాజాలును ఉండెడివి. నేడు మిగిలినవి రెండే: ఇది యొకటి, దబీర్‌పురా దర్వాజా మఱియొకటి. మిగిలినవానికి వాడల పేర్లు మాత్రమే సాక్ష్యము పలుకుచున్నవి. చూచువారు లేక, కాపాడువారు లేక కట్టడములు ఎట్లు మాయమగునో తెలిసికొనుటకు ఈ లెక్క యొక్కటి చాలును.

అచ్చటి నుండి చార్మినారు వైపు నడచినచో పత్తర్‌గట్టి బజారునకు దగ్గరలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా యున్నది. చార్మినారు వెలసిన కొలది యేండ్లకే మహమ్మదు కులీ కుతుబ్‌షా దీనిని కట్టించెను. మొహర్రము దినములలో ఇమాము హుసేను బలిదానమును తలచి శోకించుటకు ఇది స్థానము. మన పల్లెలలో మొహర్రమును 'పీర్ల పండుగ' అని హిందువులు, ముస్లిములు కూడి జరుపుకొనుట మీలో పలువురు ఎఱుగుదురు. ఊరేగింపున పట్టు ఆ పీరులనే ఇచ్చట 'అలములు' అందురు.

ఈ భవనమునకు గోడలే సంపద. పసుపు, నీలము, ఆకుపచ్చ మొదలగు వన్నెలు గల మెఱుగుపెంకులను ముక్కలుగా కూర్చి, పూలతీగెలను, అలముల యాకృతులను, పవిత్రాక్షరములను ఆ గోడలపై తీర్చిరి. ఈ పని 1611 ప్రాంతమున పూర్తియైనది. అంతటి రంగుల కూర్పు దక్కనులో అరుదు. కాని ఈ గోడలు చూచిన కష్టములు తక్కువవి కావు. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించిన పిమ్మట ఈ పవిత్రస్థలము బండ్లు నిలుపు శాలగా దిగజారెను. తరువాత రెండవ నిజాము నిజాం అలీఖాను దీనిని మరల బాగుచేయించి, నిర్వహణకు ధనమేర్పాటు చేసెను. 1908లో మూసీ వరద ఈ ఆవరణమున జొరబడి, గోడల క్రింది భాగమునందలి పెంకులను పాడుచేసెను. పోయిన పెంకులకు బదులు ఆ రంగులనే పోలిన చిత్రములను గోడపై వ్రాసిరి. శ్రద్ధతో చూచువారికి పై భాగమున పెంకుల మెఱుగు, క్రింది భాగమున రంగుపూత వేఱువేఱుగా తెలియును. వరద నీరు ఎంత యెత్తునకు వచ్చినదో ఏ పుస్తకమును చూడకయే ఆ గోడయే మనకు చెప్పును.

దక్షిణపు టొడ్డుననే, చార్మినారునకు ఆగ్నేయముగా సంతోష్‌నగరు చెంత పైగా వంశీయుల సమాధులు కలవు. నిజాముల తరువాత నగరమున అంతటి ప్రాభవము గల కుటుంబము పైగా వారిది. నిజాము కుమార్తెలను వివాహమాడు గౌరవము వారికి దక్కెడిది. కొండపై మెఱయు ఫలక్‌నుమా సౌధమును కట్టించిన వికారుల్ ఉమ్రా ఈ వంశమువాడే. ఆ సౌధమును చూడగోరు వారు వేలకొలది. దానిని కట్టించినవాడు నిద్రించు చోటు తెలిసినవారు కొలదిమంది.

ఇరుకు సందుల నుండి ఆ యావరణములోనికి అడుగిడిన వెంటనే తెల్లని సున్నపు పనితనము కన్నులకు చల్లగా తోచును. మన పనివారు గచ్చును వెన్నవలె మెత్తగా నూరి, ఆరకమునుపే పూలుగా, తీగెలుగా, పండ్లుగా మలచిరి. గాలి వెలుతురులు చొరబడుటకు అమర్చిన జాలీలను చూడుడు. ఒకదాని అల్లిక వంటిది మఱియొక దానిలో కనబడుట అరుదు. రాతితో కట్టిన సమాధులవలె ఈ గచ్చు పని గట్టిది కాదు. వర్షము, చెమ్మ, మనుష్యుల చేతులు దీనిని త్వరగా అరగదీయును. ఒక్క పూరేకు విరిగినచో దానిని మరల తీర్చుటకు అదే విద్య నెఱిగిన పనివాడు కావలెను. ఇటీవలి కాలమున పాత పద్ధతిలోనే సున్నము సిద్ధపఱచి ఈ సమాధులను చక్కబఱచు కృషి జరిగినది. కట్టడము నిలుచుటకు ధనమెంత యవసరమో, చేతిపని నెఱిగిన వారు బ్రతికియుండుటయు అంత యవసరమని ఇచ్చట తెలియును.

ఇపుడు నది దాటి ఉత్తరపు టొడ్డునకు పోదము. అఫ్జల్‌గంజిలో ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణమున ఒక పాత చింతచెట్టు కలదు. దానిని ఏ రాజును కట్టింపలేదు. దానిపై శిల్పము లేదు, గుమ్మటము లేదు. అయినను ఈ నగరమున దానికంటె పూజ్యమైన స్మారకము వేఱొకటి లేదని చెప్పుటకు వెనుదీయను.

1908 సెప్టెంబరు నెల చివర మూసీ పరీవాహక ప్రాంతమున కుండపోతగా వానలు కురిసెను. ఎగువ చెఱువులు ఒకదాని వెంట నొకటి తెగెను. సెప్టెంబరు 28వ తేదీన నది కట్టలు దాటి నగరముపై బడెను. తరువాతి కాలమున కట్టిన వంతెనలు మూడు కొట్టుకొనిపోయెను. వేలకొలది యిండ్లు నేలమట్టమయ్యెను. మృతులు పదునైదు వేల వఱకు ఉందురని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్క వరదలో తల్లిని, భార్యను, కూతురును పోగొట్టుకొనెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను తన సౌధముల తలుపులు తెఱపించి నిరాశ్రయులకు అన్నవసతు లేర్పఱచెను.

ఆ దినమున సుమారు నూటయేబదిమంది ఈ చింతచెట్టు కొమ్మలనెక్కి ప్రాణములు దక్కించుకొనిరి. క్రింద నీరు సుడులు తిరుగుచుండగా, కులమతముల గుఱుతింపు లేక, ఒకరి చేయి నొకరు పట్టుకొని వారు కొమ్మలపై గడిపిరి. ఆ చెట్టు బరువు మోసెను, విఱుగలేదు. నేటికిని ఏటేట సెప్టెంబరు 28వ తేదీన కొందఱు పౌరులు ఈ చెట్టు క్రింద గూడి నాటి మృతులను స్మరింతురు. ఆసుపత్రికి వచ్చిన రోగుల బంధువులు ఆ నీడను కూర్చుండి అన్నపు మూటలు విప్పుకొందురు. ప్రాణములు కాచిన చెట్టు నీడ నిచ్చుట మానలేదు.

వరద నేర్పిన పాఠమును నగరము వెంటనే మఱవలేదు. మఱుసటి యేడు, 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి వరద కారణములను పరిశీలింపజేసిరి. నగరమునకు ఎగువన నీటిని నిలిపి, క్రమముగా విడుచుటయే ఉపాయమని ఆయన నిర్ణయించెను. ఆ యోజన వలననే మూసీపై ఉస్మానుసాగరము 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. జనులు ఆ జలాశయముల గట్టున విహారమునకు పోవుదురు. వాని పుట్టుకకు కారణమైన కథ మాత్రము ఈ చింతచెట్టు క్రింద నిలిచినవారికే బోధపడును.

ఆసుపత్రి నుండి తూర్పుగా కొలదిదూరము నడచిన కోఠీ వచ్చును. 'కోఠీ' అనగా పెద్ద భవనము. ఆ వాడకంతటికిని పేరు నిచ్చిన భవనము మహిళా విద్యాసంస్థ ఆవరణమున నున్న పాత రెసిడెన్సీ. నిజాము కొలువున ఆంగ్ల కంపెనీకి ప్రతినిధిగా నుండిన జేమ్సు కిర్క్‌పాట్రిక్కు దీని నిర్మాణమును 1803లో ప్రారంభించెను. స్థలము కొఱకు ఆయన పంపిన పటము మిక్కిలి పెద్దదిగా నుండినదట. నిజాము దానిని చూచి, తన రాజ్యపటమంత యున్నదని తలచి నిరాకరించెనట. అదే పటమును చిన్న కాగితముపై గీయించి పంపగా వెంటనే అంగీకరించెనని ఒక వినోదకథ కలదు.

కిర్క్‌పాట్రిక్కు నగరములోని గొప్పయింటి పడుచు ఖైరున్నీసాను వివాహమాడెను. ఆమె ఘోషాలో నుండుట వలన ముందుభాగమున నున్న ఆ మహాభవనమును చూడజాలకుండెను. అందుచేత దాని నమూనాను చిన్నదిగా ఆమె తోటలో కట్టించెనని చెప్పుదురు. ఆ బుల్లి కట్టడము నేటికిని ఆ యావరణమున కలదు. పెద్ద భవనము పూర్తిగా చూచుకొనక మునుపే, 1805లో, కిర్క్‌పాట్రిక్కు కలకత్తాలో మరణించెను.

ఈ భవనమునకు వేఱొక చరిత్రయు కలదు. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజుఖాను, మౌల్వీ అల్లాయుద్దీను అను వీరులు ప్రజలను గూర్చుకొని రెసిడెన్సీపై దాడి సలిపిరి. పిమ్మట తుర్రెబాజుఖాను ప్రాణములు గోల్పోయెను. అల్లాయుద్దీను అండమానులకు పంపబడెను. 1949లో మహిళా కళాశాల ఈ భవనమునకు తరలివచ్చెను. ఒకనాడు ఒక ఇల్లాలు తన యింటి ముందుభాగమును చూచుటకు నోచుకొనని చోట, తరువాత వేలకొలది బాలికలు పుస్తకములు చేతబట్టి ఆ మెట్లెక్కిరి. ఆ కళాశాల 2022లో విశ్వవిద్యాలయమై, తరువాత చాకలి ఐలమ్మ పేరును ధరించినది. దశాబ్దములు శిథిలావస్థలో నుండిన పాత భవనమునకును మరమ్మతులు జరిగినవి.

కోఠీకి చేరువనే సుల్తాన్‌బజారు. పండుగ దినములలో అచ్చట అడుగు పెట్టుటకు చోటుండదు. ఆ సందడి నడుమ తెలుగువారు తలవంచి నమస్కరింపదగిన ఆలయమొకటి కలదు. అది శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము. 1901 సెప్టెంబరు 1వ తేదీన రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి యింట ఇది ప్రారంభమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల జమీందారు నాయని వేంకటరంగారావుగారు దీనికి అండగా నిలిచిరి.

నాటి స్థితిని ఊహించుకొనుడు. రాజ్యమున తెలుగు మాటలాడువారే హెచ్చు. కాని కచ్చేరీలలో తెలుగు లేదు. ఉన్నత విద్యలో తెలుగు లేదు. 1921 నవంబరులో ఇదే ప్రాంతమున వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఒక వక్త తెలుగున ప్రసంగింపగా, సభలోని కొందఱు గేలిచేసి అడ్డుపడిరి. ఆ యవమానము నుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. అట్టి కాలమునకు ఇరువదేండ్ల ముందే కొందఱు పెద్దలు ఒక గదిలో తెలుగు పుస్తకములు పేర్చి, "రండు, చదువుడు" అని తలుపు తెఱచిరి. పిదప తెలంగాణమున ఊరూర వెలసిన గ్రంథాలయములకు ఆ గది మేలుబంతి యైనది. 1906లో విజ్ఞానచంద్రికామండలి వెలసి, చరిత్ర, శాస్త్ర గ్రంథములను తెలుగున వెలువరించుటకును ఈ పెద్దల పూనికయే కారణము.

విద్యార్థులను వెంటబెట్టుకొని నగరమునకు పోయిన ఉపాధ్యాయులు వారిని జంతుప్రదర్శనశాలకు తప్పక కొనిపోవుదురు. ఒక గంట ఈ గ్రంథాలయమునకును కేటాయించినచో, మన చేతనున్న పాఠ్యపుస్తకము తెలుగున నుండుటకు వెనుక ఎందఱి కృషి యున్నదో పిల్లలకు తెలియును.

నగరమునకు ఈశాన్యమున మౌలాలీ గుట్ట కలదు. గుట్టపై నున్న దర్గాకు భక్తులు పోవుదురు. గుట్ట పాదమున తోట నడుమ నున్న సమాధిని చూచువారు తక్కువ. అది మహ్‌లఖాబాయి చందాది. ఆమె 1768లో జన్మించి 1824లో మరణించినది. ఉర్దూలో గజళ్లు రచించిన కవయిత్రి. సంగీత నృత్యములలో ఆరితేరినది. నిజాముల కొలువున గౌరవము పొందినది. ఆమె తన తల్లికై ఆ సమాధి తోటను నిర్మింపజేసి, తుదకు తానును తల్లి ప్రక్కనే విశ్రమించినది. ఆమె పద్యసంపుటి ప్రతి యొకటి 1799లోనే ఆమె చేతిమీదుగా ఆంగ్లాధికారి కందినది. అది సముద్రములు దాటి నేటికిని లండనులో భద్రముగా నున్నది. పుస్తకము పరదేశమున భద్రముగా నుండగా, సమాధి స్వదేశమున పిచ్చిమొక్కలు మొలచి పాడుపడెను. 2010, 2011 సంవత్సరములలో కొందఱు చరిత్రాభిమానుల కృషివలన దానికి జీర్ణోద్ధారము జరిగినది.

చివరగా సికింద్రాబాదున బన్సీలాలుపేటకు పోదము. అచ్చట ఇండ్ల నడుమ ఒక దిగుడుబావి కలదు. మెట్లుమెట్లుగా నీటివఱకు దిగిపోవు ఈ బావి ఒకప్పుడు ఆ వాడకంతటికిని దాహము తీర్చినది. కొళాయిలు వచ్చిన పిమ్మట దానితో పనిలేకపోయెను. ఒకరు ఇంటి చెత్త పడవేసిరి. మఱియొకరు కూల్చిన గోడ మట్టి పోసిరి. దశాబ్దములు గడచుసరికి బావి పూడిపోయి, అది చెత్తకుప్పయని క్రొత్తవారు తలచిరి. అడుగున బావి యున్నదను మాట వృద్ధుల జ్ఞాపకములలో మాత్రము మిగిలెను.

2021లో కొందఱు పూనికతో ఆ చెత్తను తీయసాగిరి. లారీలకొలదిగా వేలాది టన్నుల వ్యర్థములు బయటపడెను. లోనికి పోయినకొలది చెక్కిన రాళ్లు, మెట్లు, స్తంభములు ఒకటొకటిగా కనబడెను. తుదకు అడుగున నీటియూట తిరిగి కన్ను తెఱచెను! ఎన్నో యేండ్లు చెత్తబరువు మోసినను ఊట చావలేదు. 2022 డిసెంబరు 5వ తేదీన ఆ బావిని ప్రజలకు అంకితము చేసిరి. ఒకనాడు ముక్కు మూసికొని ప్రక్కగా నడచిన వాడవారే ఇపుడు బంధువులను పిలుచుకొనివచ్చి దానిని చూపుచున్నారు.

ఈ బావి కథలో మన పాఠమంతయు ఇమిడియున్నది. బావిని పాడుచేసినది శత్రుసైన్యము కాదు, వరద కాదు. దాని విలువ నెఱుగని మంచి మనుష్యులే రోజుకొక తట్టచొప్పున దానిని పూడ్చిరి. అట్లే దానిని బ్రతికించినవారును మహారాజులు కారు. అడుగున ఏమున్నదో తెలిసికొనవలెనను కోరిక గలవారు. ఏ కట్టడమునకైనను మొదటి కాపరి దానిని గూర్చిన యెఱుకయే. పేరు తెలియని వానిపై మనకు మమత కలుగదు. మమత లేనిదానిని కాపాడుటకు చేయి రాదు.

చార్మినారునకు కొఱత కలిగినచో వెంటనే పత్రికలు వ్రాయును, అధికారులు పరుగెత్తుదురు. చింతచెట్టు కొమ్మ యెండినచో, ఆషూర్‌ఖానా పెంకు ఊడినచో, భాషానిలయమున పాతపుస్తకము చెదలపాలైనచో ఎవరు వ్రాయుదురు? వానిని ఒక్కసారియైన చూచినవారే వ్రాయవలెను.

బాలబాలికలారా! మీరు హైదరాబాదునకు పోయినపుడు చార్మినారును తప్పక చూడుడు. పిమ్మట ఒక పూట మిగుల్చుకొని పైని చెప్పిన వానిలో ఒక్కదానినైనను వెదకి చూడుడు. గోడలపై మీ పేర్లు గీయకుడు; ఆ గోడ పేరును మీ మనసున వ్రాసికొనుడు. ప్రార్థనాస్థలములలో అచ్చటి మర్యాదను పాటింపుడు. ఆసుపత్రిలోను గ్రంథాలయములోను సద్దుచేయకుడు.

హైదరాబాదునకు పోవు అవకాశము లేనివారు చింతింప బనిలేదు. మీ యూరి చెఱువుగట్టున ఒరిగిన వీరగల్లు, పొలముల నడుమ పూడిన కోనేరు, ఎన్నడో తాళమువేసిన గ్రంథాలయము, ఎందఱికో నీడనిచ్చిన రావిచెట్టు ఉండవచ్చును. తాతగారిని, అమ్మమ్మగారిని అడుగుడు. అది ఎవరు నాటిరి, ఎవరు కట్టించిరి, ఎందులకు పాడువడినది అని తెలిసికొని నోటుపుస్తకమున నాలుగు వాక్యములు వ్రాసికొనుడు. వృద్ధులతోపాటు అంతరించిపోవలసిన ఒక సంగతి ఆ నాలుగు వాక్యములలో బ్రతుకును.